పాత నెగెటివ్‌లు పాతసామాన్లవాడికి వేయకండి

ఈసారి పోస్టు తెగుళ్ల గురించీ కాదు, మినుము ధర గురించీ కాదు. కాస్త పొడుగు కూడా. పని ముగించుకుని తీరిగ్గా చదవండి.

ఈ మధ్య మా వైపు ఊళ్లలోకి పాతసామాన్లు కొనేవాళ్లు వచ్చి, ఇనుముతో పాటు "పాత ఎక్స్‌రేలు, ఫోటో రీళ్లు ఉన్నాయా అమ్మా" అని కూడా అడుగుతున్నారు. ఎందుకంటే వాటిలో వెండి ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో మనకు నల్లగా కనపడేదంతా వెండే. వెండి అయితే తెల్లగా మెరవాలి కదా అంటారేమో. మరీ సన్నటి రేణువులైతే నల్లగానే కనపడుతుంది. తూకానికి కొనుక్కుపోయిన సరుకు చేతులు మారి, చివరికి ఎక్కడో మందు నీళ్లలో కడిగి ఆ వెండి తీసుకుంటారు. మీ తాతగారి ముఖం ఆ కడుగు నీళ్లలోనే పోతుంది. మీ ఇంట్లో వాళ్లకి దక్కేది ఓ అరకిలో ఉల్లిపాయలు.

నాకు ఈ గొడవంతా ఎలా తెలుసంటే, మా మేనమామకి తెనాలిలో ఫోటో స్టూడియో ఉండేది. ఇంటర్ చదివే రోజుల్లో సెలవులన్నీ నేను అక్కడే. చదువు ఇంటర్‌తో ఆగింది గానీ చీకటిగది పని మాత్రం ఒంటబట్టింది. హైపో వాసన ఇప్పటికీ నాకు మంచి వాసనే, మా ఇంటావిడ ఒప్పుకోదు. మావయ్య పోయాక అత్తయ్య ఆయన నెగెటివ్‌లన్నీ నా ట్రాక్టర్ ట్రక్కులో వేయించి, "నువ్వే దాచుకో నాయనా, నా వల్ల కాదు" అంది. మొత్తం 11 డబ్బాలు. స్వీటు డబ్బాలు, ఒక బిస్కెట్ల డబ్బా, మిగతావి ఇందు పేపరు వచ్చిన అట్టపెట్టెలు. ఇందు అంటే ఊటీలోని ప్రభుత్వ కంపెనీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల సరుకు. 1967 నుంచి అక్కడ ఫిల్మూ పేపరూ తయారు చేశారు. ఇప్పుడు ఆ తయారీ లేదు.

రీలు అనగానే మనలో చాలామందికి 36 ఫోటోల చిన్న రీలే గుర్తొస్తుంది. దానికి ముందు మన ఊళ్లను ఏలింది పెద్ద రీలు. స్టూడియోల వాళ్లు ఒన్ ట్వంటీ అనేవాళ్లు. 1901లో కోడక్ వాళ్లు మొదలుపెట్టిన కొలత అది, ఇప్పటికీ మారలేదు. ఆరు సెంటీమీటర్ల వెడల్పు, పక్కన చిల్లులు ఉండవు, వెనక వెలుతురు తగలకుండా కాగితం చుట్టి ఉంటుంది. చదరంగా తీస్తే రీలుకి 12 ఫోటోలు. చిన్న రీలులో ఒక ఫోటో 24 మిల్లీమీటర్ల అడ్డం 36 నిలువు ఉంటే, ఇందులో 56కి 56. మనకి పొలం కొలిచే అలవాటు ఉంది కాబట్టి ఆ లెక్కనే చూడండి. అది ఒక సెంటు స్థలమైతే ఇది మూడున్నర సెంట్ల పైన. ఉన్న చోటే అంత, అందులో పట్టే సంగతులూ అంతే ఎక్కువ. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మీ అటక మీద కూడా ఇలాంటివి ఉండొచ్చు. ఆ రోజుల్లో కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో ఆగ్ఫా క్లిక్ త్రీ అని ఒక నల్ల కెమెరా ఉండేది. అదీ ఈ రీలే తినేది. సిగరెట్ పెట్టెలో, పెళ్లి శుభలేఖల కట్టలో, దేవుడి గూట్లో పంచాంగాల కింద, ఎక్కడైనా ఉండొచ్చు. అరచేతిలో సగం ఉండే నల్లటి పారదర్శకపు ముక్కలు కనపడితే అవే.

మావయ్య కెమెరా యాషికా. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. పై దాంట్లోంచి మనం చూస్తాం, కింద దాంట్లోంచి ఫోటో పడుతుంది. కంటికి ఆనించి చూసేది కాదు. పొట్ట దగ్గర పట్టుకుని, పై మూత తెరిచి, తల వంచి గాజు పలకలోకి చూడాలి. బొమ్మ కుడిఎడమలు తిరగబడి కనపడుతుంది. మా ఊరి ముసలమ్మలు "మీ మావయ్య దణ్ణం పెట్టి మరీ ఫోటో తీస్తాడ్రా" అని నవ్వేవాళ్లు. ఫోను ఎత్తితే ఎదుటివాళ్లు వెంటనే బిగుసుకుంటారు. తల వంచుకున్న మనిషి ముందు జనం అంత బిగుసుకోరు. మావయ్య నెగెటివ్‌లలో వెనక నిలబడ్డవాళ్లు మామూలుగా ఉన్నారంటే అందుకేనని నా నమ్మకం.

ఇంతకీ వాళ్లే అసలు సంగతి. డబ్బిచ్చి ఫోటో తీయించుకున్నవాళ్లు మధ్యలో ఉంటారు. కొత్త ట్రాక్టర్, కొత్త కోడలు, పందెంలో నెగ్గిన గిత్తల జత. వాళ్ల ప్రింట్లు వాళ్ల గోడల మీదే ఉన్నాయి, వాళ్లకి నా డబ్బాలతో పనిలేదు. అంచుల్లో ఇంకెవరో ఉంటారు. నీళ్ల బిందెతో ఆగినావిడ, గిత్తల పలుపు పట్టుకున్న పాలేరు, గట్టు మీద చంటిపిల్లని ఎత్తుకున్న పదేళ్ల పిల్ల. ప్రింటు వేసేటప్పుడు మావయ్య వాళ్లని కత్తిరించేసేవాడు. డబ్బిచ్చిన ఆసామి పెద్దగా కనపడాలి కదా. నెగెటివ్‌లో మాత్రం వాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే నిలబడి ఉన్నారు.

ఓటరు కార్డు మీద ఫోటో రావడం 1993లో మొదలైంది. అంతకుముందు పోయిన కూలీనాలీ జనంలో చాలామందికి జన్మలో ఒక్క ఫోటో కూడా లేదు. కొందరికి పోయిన రోజున తీసిందే మొదటి ఫోటో. కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నుంచి ఎవరో తల నిలబెట్టి పట్టుకుంటే తీసినవి. అలాంటివి నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి. అవి ఎక్కడా పెట్టను, ఎవరికీ చూపించను. ఆ ఇంటివాళ్లు వచ్చి అడిగితే వాళ్ల చేతికి మాత్రం ఇస్తాను.

స్కాన్ చేయడం ఎలా అని చాలామంది అడిగారు. మన ఊళ్లో జెరాక్స్ షాపులో ఉండే స్కానర్ దీనికి పనికిరాదు. అది కాగితం మీద వెలుతురు కొట్టి, వెనక్కి వచ్చిన వెలుతురు చదువుతుంది. నెగెటివ్‌కి వెలుతురు వెనక నుంచి రావాలి. నేను మొదలుపెట్టింది ఫోనుతోనే. పిల్లలు బొమ్మలు దిద్దుకునే లైటు పలక ఒకటి తెప్పించాను. దాని మీద నల్ల అట్టకి ఆరు సెంటీమీటర్ల కిటికీ కోసి పెట్టాను, పక్క వెలుతురు ఫోను కంట్లో పడకుండా. నెగెటివ్‌ని నున్నగా మెరిసే వైపు పైకి ఉండేట్టు పెట్టాలి, మసకగా ఉండే వైపు కిందకి. అలా అయితేనే కుడిఎడమలు సరిగ్గా వస్తాయి. గది లైటు ఆపాలి, ఫ్యాను ఆపాలి. ఫోను, పలక ఒకే మట్టంలో ఉండాలి. దానికి నేను తాపీమేస్త్రి రసమట్టం వాడతాను, ఫోను వీపు మీద ఒకసారి, పలక మీద ఒకసారి. ఫోటో తీశాక ఫోనులోనే తెలుపు నలుపు తిరగేస్తే మనిషి బయటికొస్తాడు. పెద్ద ముఖాలకి ఇది చాలు. ఖర్చు వెయ్యి రూపాయల లోపే.

చిన్న ముఖాలకి చాలదు. అందుకని మూతలో కూడా లైటు ఉండే స్కానర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పది డీఏపీ బస్తాల డబ్బు. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. దాంట్లో 2400 డీపీఐ పెడితే ఒక నెగెటివ్‌కి అడ్డం 5300 చుక్కలు, నిలువు 5300 చుక్కలు వస్తాయి. అంటే 2 కోట్ల 80 లక్షల చుక్కలు. ఇంకో సంగతి. వంకర తిరిగిన నెగెటివ్ గాజుకి అతుక్కుంటే, గుంటలో నీళ్ల మీద కిరోసిన్ పడ్డప్పుడు కనపడే వలయాల్లాంటివి స్కాన్‌లోకి వస్తాయి. అందుకని చుట్టూ అట్ట ఫ్రేము కట్టి గాజుకి ఒక మిల్లీమీటరు పైన నిలబెడతాను. బాగా వంకరగా ఉన్నవాటిని ముందు రెండు వారాలు లావు పుస్తకంలో మంచి కాగితం మధ్య పెట్టి ఉంచుతాను.

అన్నిటికన్నా పెద్ద శత్రువు మన వాతావరణం. మసక వైపు వెండిని పట్టి ఉంచేది జెలటిన్. పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే పదార్థం. తేమ తగిలితే బూజుకి అది పండగ భోజనం. పుస్తకాల పురుగు కూడా గీకి తింటుంది. ఇక ఫిల్మ్ అనే ఆ ప్లాస్టిక్ కూడా వేడికి, తేమకి విరిగిపోతుంది. డబ్బా మూత తీయగానే పుల్లబడ్డ కల్లు వాసన ముక్కుకి కొట్టిందంటే అది మొదలైనట్టే. విరుగుడు లేదు. నెమ్మదించేట్టు చేయడమే మన చేతిలో ఉన్నది. పైగా బస్తాలో కుళ్లిన ఉల్లిగడ్డ లాగా పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. అలాంటివి వెంటనే వేరుచేసి, ముందు వాటినే స్కాన్ చేయాలి. రేకుల షెడ్డులో పెట్టిన డబ్బాలు, పెంకుటింట్లో పెట్టిన డబ్బాలు పక్కపక్కన చూస్తే తేడా మీకే తెలుస్తుంది. నావి ఇప్పుడు నేల గదిలో, విత్తనాల డ్రమ్ము పక్కన ఉన్నాయి. విత్తనానికి ఏది మంచిదో దీనికీ అదే మంచిది.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి చెప్తాను. సొంత తమ్ముడు కాదు. నా రెండెకరాల పక్కనే ఎకరన్నర కౌలుకి చేస్తాడు, నన్ను అన్నా అంటాడు. వాళ్లమ్మ 1983లో పోయింది. అప్పటికి అతనికి నాలుగేళ్లు. నాన్న ఫోటో ఉంది, అమ్మది లేదు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకునేటప్పుడు నాన్న ఫోటో ముందు పంచె, దాని పక్కన ఖాళీ పీట వేసి దాని మీద చీర పెడతాడు. కిందటేడు ఆ ఖాళీ పీట నేను కళ్లారా చూశాను.

ఒకరోజు స్కాన్ చేస్తుంటే 1981 ఆగస్టు అని రాసి ఉన్న కవరు దొరికింది. మా ఊళ్లో ఒక ఆసామి కొత్త ట్రాక్టర్‌తో రోడ్డు మీద నిలబడి తీయించుకున్నది. వెనక మడిలో ఊడ్పులు జరుగుతున్నాయి. ఎనిమిది మంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. నేను తమ్ముడికి కబురు పెట్టాను. అతనికి గుర్తుపట్టేందుకు ఏమీ లేదు కదా. అందుకని వాళ్ల పెద్దమ్మని బండి మీద ఎక్కించుకొచ్చాడు. ఆమెకి 82 ఏళ్లు, ఒక కంటికి ఆపరేషన్ అయింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి పెద్దది చేసి చూపించాను.

ఆమె ముఖాలు చూడనే లేదండీ. వరస చూసింది. ముఠాలో ఎవరి పక్కన ఎవరు నిలబడతారో ఒక లెక్క ఉంటుంది, మీకు తెలిసిందే. గట్టు వైపు నుంచి వేలు పెట్టి ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ వచ్చింది. ఆరో మనిషి దగ్గర "ఇది నేను" అంది. నడుం నిలబెట్టి కెమెరా వైపు చూస్తున్న మనిషి. ఏడో మనిషి మీద వేలు పెట్టి "ఇది మీ అమ్మేరా" అంది. ఆ మనిషి వంగి ఉంది. వీపు, కొప్పు, నీళ్లలో చేతులు. ముఖం లేదు.

తమ్ముడు ఏమీ అనలేదు. "చేతులు బాగా పడ్డాయన్నా" అన్నాడు, అంతే.

ఫిల్మ్ అంచున చిన్న అంకెలు ఉంటాయి. ఈ ఫోటో దగ్గర 6 ఉంది. మావయ్య రీలుని మూడేసి ఫోటోల ముక్కలుగా కోసేవాడు. అంటే ఇది 4, 5, 6 ఉన్న ముక్క. ట్రాక్టర్ లాంటి ఖరీదైన సంగతికి ఆయన ఒక్కటి తీసి ఊరుకోడు, ఆసామి కళ్లు మూస్తాడేమోనని రెండోది తీస్తాడు. ఆ రెండోది 7 అయి ఉండాలి. అది ఆ కవరులో లేదు. మూడు వారాలు రాత్రిళ్లు వెతికాను. పగలు పత్తికి మందు కొట్టడం, రాత్రి ఇది. చివరికి వేరే వాళ్ల పెళ్లి నెగెటివ్‌ల మధ్య దొరికింది. ఎడమ వైపు బూజు పట్టి ట్రాక్టర్ ముందు చక్రం, ఆసామి భుజం పోయాయి. వెనక వరస బాగుంది. ఏడో మనిషి లేచి నిలబడింది. చెదిరిన జుట్టుని మోచేత్తో వెనక్కి తోసుకుంటోంది. చేతులకి బురద కదా.

ఆ ముఖం ఫిల్మ్ మీద రెండు మిల్లీమీటర్లు. కొర్ర గింజంత. స్కాన్‌లో దాదాపు 190 చుక్కలు వచ్చింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, ఆ సెంట్ల లెక్క ఇక్కడికే. అదే దృశ్యం చిన్న రీలు మీద తీసి ఉంటే ముఖం ఇందులో సగం కూడా ఉండేది కాదు. కళ్లెక్కడో ముక్కెక్కడో తేలేది కాదు. ఇందులో ముక్కుపుడక కూడా తెలుస్తోంది. పెద్దమ్మ చూసి, "పుడక నాదే. అది తీసుకుని ఇవ్వలా" అంది.

పాస్‌పోర్ట్ సైజులో ప్రింటు బాగా వచ్చింది. తమ్ముడికి నాన్న ఫోటో అంత పెద్దది కావాలనిపించింది. సహజమే. పట్నంలో ఒక షాపులో ఏఐతో శుభ్రం చేసి పెద్దది చేసిస్తామన్నారు, చేసిచ్చారు కూడా. నున్నటి చర్మం, మెరిసే కళ్లు, పెదాలకి రంగు. ముక్కుపుడక మాయం. పెద్దమ్మకి చూపిస్తే "ఈవిడెవరు, మీ అత్తగారి తరపా?" అంది. నేను షాపువాణ్ణి తప్పుపట్టను, అడిగింది చేశాడు. కానీ లేని చుక్కలు ఆ మిషను ఎక్కడి నుంచి తెస్తుంది? ఎవరెవరి ముఖాల నుంచో నేర్చుకున్నవి తెచ్చి పూడుస్తుంది. మా దగ్గరున్న ఆ 190 చుక్కలు మాత్రం ఆ రోజు ఎండ ఆవిడ ముఖం మీద పడి తిరిగొచ్చి వెండి మీద వేసినవి. తమ్ముడు ఆ పెద్ద ఫోటో తిప్పి బీరువా వెనక పెట్టాడు. చిన్న ప్రింటునే పెద్ద ఫ్రేములో, చుట్టూ తెల్ల అట్టతో కట్టించాడు. దగ్గరికెళ్లి చూడాలి. ఈ సంక్రాంతికి పీట మీద అదే ఉంది.

నేను ఇప్పటికీ ఆ యాషికాతో ఏడాదికి నాలుగైదు రీళ్లు తీస్తాను. "ఫోనులో వెయ్యి తీయొచ్చు కదా, ఒక రీలుకి అన్ని వందలెందుకు" అంటారు. నిజమే, మీరు ఫోనులోనే తీసుకోండి, బాగానే వస్తాయి. ఇది నా పిచ్చి. పేకాటకన్నా చవక. ఇంట్లోనే కడుగుతాను. మందు 20 డిగ్రీల దగ్గర ఉండాలంటారు. మన కుళాయి నీళ్లు మేలో చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. అంత వేడిలో జెలటిన్ మెత్తబడి గీతలు పడుతుంది. కుండలో నీళ్లు, అందులో ఐస్ ముక్కలు, పాల థర్మామీటర్. డీ 76 మందులో ఏడున్నర నిమిషాలు, తర్వాత హైపో, తర్వాత కడుగు. ఆరేసేది స్నానాల గదిలో. నూర్పిళ్ల రోజుల్లో మాత్రం ఆ పని పెట్టుకోను, ఎంత తలుపు వేసినా ధూళి వచ్చి తడి ఫిల్మ్ మీద వాలుతుంది.

ఎక్కువగా ముఠాలనే తీస్తాను. ఊడ్పులయ్యాక, మినుము తీత అయ్యాక, అందరినీ గట్టు మీద నిలబెట్టి రెండు. ఒకటి ఆనవాయితీ ప్రకారం తిన్నగా చూస్తూ, ఇంకోటి వాళ్ల మానాన వాళ్లు మాట్లాడుకుంటుంటే. వెంటనే నోటుబుక్కులో ఎడమ నుంచి కుడికి పేర్లు, ఇంటిపేర్లు రాసుకుంటాను. గాజు పలకలో తిరగబడి కనపడుతుంది కాబట్టి తల ఎత్తి చూసి మరీ రాస్తాను. ఇప్పుడు ముఠాల్లో సగం మంది వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లే. వాళ్ల ఊరి పేరు కూడా రాసుకుంటున్నాను.

మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, నెగెటివ్‌లు ఉంటే మినుము తీత అయ్యాక తీసుకురండి. డబ్బులేం వద్దు. రబ్బరు బ్యాండు వేయకండి, ప్లాస్టిక్ కవరులో కట్టకండి, బండి సీటు కింద పెట్టి ఎండలో నిలపకండి. మామూలు కాగితంలో మడవకుండా చుట్టి తెస్తే చాలు. అతుక్కుపోయినవాటిని లాగకండి, అలాగే తీసుకురండి. వస్తూ వస్తూ మీ ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకురండి. ముఖం నేను బయటికి తీయగలను, పేరు చెప్పాల్సింది వాళ్లే.

11 డబ్బాల్లో నాలుగు పూర్తయ్యాయి. తమ్ముడి పెద్దమ్మ ఆదివారం ఆదివారం వస్తోంది, ల్యాప్‌టాప్ ముందు పీట వేసుకుని కూర్చుంటుంది, పేర్లు చెబితే మా అమ్మాయి రాస్తోంది. వచ్చే నెల ఆమెకి రెండో కంటి ఆపరేషన్ ఉంది. ఆలోపు ఐదో డబ్బా అవ్వాలని ఆమే తొందర చేస్తోంది. అందులో మా ఊరి చెరువు తవ్వకం ఫోటోలు ఉన్నాయట, తట్టలు మోసినవాళ్లందరూ తనకి తెలుసట.